ఫింగర్ లేక్స్‌లో రెండు రోజులు, ఏడు బ్రూవరీలు: స్టీరింగ్ ఎవరి చేతిలో?

ఎడిసన్_బాబాయ్
అక్టోబర్ రెండో వారం లాంగ్ వీకెండ్‌కి న్యూజెర్సీ నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని సరస్సుల ప్రాంతం ఫింగర్ లేక్స్ వెళ్దామని అనుకుంటున్నాం. మేమిద్దరం, మా తోడల్లుడు, మరదలు, ఇద్దరు పిల్లలు (తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు), ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్న. ఎనిమిది సీట్ల వ్యాన్ అద్దెకి తీసుకున్నాం. ఆకులు రంగు మారే టైమ్, సరస్సుల పక్కనే రోడ్లు, దారి పొడుగునా బీరు కాచి అక్కడే పోసే చిన్న చిన్న బ్రూవరీలు. నేనూ తోడల్లుడూ రెండు వారాలు కూర్చుని ప్లాన్ వేశాం.
శనివారం సెనెకా లేక్: గ్రిస్ట్ ఐరన్, వాగ్నర్ వ్యాలీ, అక్కణ్ణుంచి ఎదురు ఒడ్డున క్లైంబింగ్ బైన్స్, మళ్ళీ ఇటొచ్చి టూ గోట్స్. ఆదివారం క్యూకా లేక్ మీద స్ట్యూబెన్, తర్వాత ఇథాకా బీర్, చివరగా ఆబర్న్‌లో ప్రిజన్ సిటీ. మొత్తం ఏడు.
ఎక్సెల్ షీట్ చూసి మా ఆవిడ "ఏడు చోట్ల మీరు తాగుతుంటే బండి ఎవరు నడుపుతారు?" అని ఒక్క మాట అని లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు రోజులైంది, మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. ఇంతకుముందు వెళ్ళినవాళ్ళు ఎలా మేనేజ్ చేశారు?

నురగ_రాయుడు
నాలుగు రోజులు మాట్లాడలేదంటే ప్లాన్ ఓకే అయినట్టు కాదు అన్నా.

సెనెకా_సుబ్బు
పన్నెండేళ్ళుగా రాచెస్టర్‌లో ఉంటున్నా, ఆ రోడ్లన్నీ నాకు కొట్టినపిండి. మీ శనివారం ప్లాన్ మ్యాప్ మీద మాత్రమే బాగుంది. వాగ్నర్ తూర్పు ఒడ్డున 414 రోడ్డు మీద, లోడైలో ఉంది. క్లైంబింగ్ బైన్స్ పడమటి ఒడ్డున పెన్ యాన్ దగ్గర. వాగ్నర్ డెక్ మీద నిలబడితే ఆ ఒడ్డు కనిపిస్తుంది, ఈ సరస్సు వెడల్పు ఎంత ఎక్కువున్నా మూడు మైళ్ళ చుట్టుపక్కలే మరి. కానీ సరస్సు మీద వంతెన లేదు! కిందికి వాట్కిన్స్ గ్లెన్ దాకా దిగి, చుట్టు తిరిగి, అవతలి వైపు మళ్ళీ పైకి ఎక్కాలి. ముప్పావు గంట పైనే. ఆ తర్వాత టూ గోట్స్ కోసం మళ్ళీ ఇంకో చుట్టు. రోజంతా కారులోనే కూర్చుంటారు.
ఒక రోజుకి ఒకే ఒడ్డు పెట్టుకోండి. తూర్పు ఒడ్డు అయితే 414, పడమటి ఒడ్డు అయితే 14.

ఎడిసన్_బాబాయ్
వంతెన లేదా?! నేను సరళ రేఖ గీసి దూరాలు వేసుకున్నాను.

సెనెకా_సుబ్బు
అందరూ చేసే పొరపాటే. హిమనదాలు ఉత్తరం నుంచి దక్షిణానికి గీరుకుంటూ పోతే ఏర్పడిన సరస్సులు ఇవి. మొత్తం పదకొండు, చాలావరకు చేతివేళ్ళలా సన్నగా పొడుగ్గా ఉంటాయి. ఒక వేలు మీంచి పక్క వేలు మీదికి దూకడం కుదరదు, కిందికో పైకో పోయి తిరగాలి. సెనెకా లోతు 618 అడుగులు, ఉపరితలం సముద్రమట్టానికి దాదాపు 445 అడుగుల ఎత్తు. అంటే అడుగుభాగం సముద్రమట్టం కంటే కిందే ఉంది.

పప్పన్నం
బీరు థ్రెడ్‌లోకి జాగ్రఫీ క్లాసు ఎలా వచ్చిందో అర్థం కావట్లేదు కానీ చదవడానికి బాగుంది.

స్టీరింగ్_సీత
ఎడిసన్ బాబాయ్ గారూ, మీ పోస్టులో ఒక మాట మిస్సయింది. మీ ఆవిడ తాగుతారా లేదా, నడుపుతారా లేదా, ఆమెకి అసలు ఏం చూడాలని ఉంది అన్నది ఎక్కడా రాయలేదు.
నేను తాగను. అదొక్కటే కారణంగా మా ఫ్రెండ్స్ గ్రూపులో ఆరేళ్ళు పర్మనెంట్ డ్రైవర్ని అయ్యాను. ఎవరూ అడగరు, తాళాలు నా చేతిలో పెడతారు. ఒకసారి ఇదే ఫింగర్ లేక్స్‌లో ఐదు చోట్ల ఆగాం. ప్రతి చోటా నలభై నిమిషాలు నిమ్మకాయ నీళ్ళు తాగుతూ, "ఈ హేజీ బీరులో మామిడిపండు వాసన ఉంది కదా" అన్న చర్చ విన్నాను. ఐదో చోట కూడా మామిడిపండే. జలపాతం దగ్గరికి చేరేసరికి చీకటి పడింది. ఆ రోజే ఒక రూల్ పెట్టాను: స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంటే ఎక్కడ ఆగాలో వాళ్ళే చెప్తారు. మిగతావాళ్ళు వెనక కూర్చుని ఊ అనాలి.

నురగ_రాయుడు
హేజీ ఐపీఏలో (హాప్స్ ఎక్కువ వేసి, మబ్బుగా ఉంచే బీరు) మామిడిపండు వాసన నిజంగానే ఉంటుందండీ. హాప్స్ అంటే బీరుకి చేదు, వాసన ఇచ్చే తీగ పూలు; సిట్రా, మొజాయిక్ లాంటి రకాలు వేస్తే వస్తుంది.

స్టీరింగ్_సీత
చూశారా, ఆరో చోట కూడా.

హెచ్‌వన్_కష్టాలు
అన్నా, మిగతావన్నీ సరే, ఇది మాత్రం సీరియస్‌గా చదువు. న్యూయార్క్‌లో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం ఉంటే డీడబ్ల్యూఐ (తాగి నడిపిన నేరం) అని అందరికీ తెలుసు. కానీ ఇక్కడ 0.05 దాటినా కేసే, దాన్ని డీడబ్ల్యూఏఐ అంటారు. "నేను స్టడీగానే ఉన్నా" అంటే పనికిరాదు.
పైగా బండిలో పిల్లలు ఉన్నారు. పదిహేనేళ్ళు లేదా అంతకంటే చిన్నపిల్లలు కారులో ఉండగా డీడబ్ల్యూఐలో దొరికితే, మొదటిసారే అయినా ఫెలనీ (పెద్ద నేరం) కింద వెళ్తుంది. 2009లో వచ్చిన లియాండ్రాస్ లా అది.
నువ్వు వీసా మీద ఉంటే ఇంకో తలనొప్పి. శిక్ష పడక్కర్లేదు, అరెస్టయితే చాలు, స్టేట్ డిపార్ట్‌మెంట్ వీసా స్టాంపు రద్దు చేయొచ్చు. ఇక్కడి స్టేటస్ ఆ క్షణంలో పోదు గానీ, దేశం దాటితే మళ్ళీ స్టాంపింగ్, దానికి ముందు మెడికల్ పరీక్ష. నా రూమ్మేట్ విషయంలో దగ్గరుండి చూశాను. చెల్లెలి పెళ్ళికి వెళ్ళలేకపోయాడు.

ఎడిసన్_బాబాయ్
గ్రీన్ కార్డ్ వచ్చింది బ్రదర్, కానీ తోడల్లుడు హెచ్‌వన్ మీదే ఉన్నాడు. ఈ పోస్టు అతనికి ఫార్వర్డ్ చేశాను. "మనం ఫ్లైట్లే కదా తీసుకునేది, పైంట్లు కాదు కదా" అంటున్నాడు.

నురగ_రాయుడు
ఆ లెక్క నేను చెప్తా, ఇంట్లో బీరు కాచుకునేవాణ్ణి. ఫ్లైట్ అంటే నాలుగు చిన్న గ్లాసులు, ఒక్కోటి ఐదు ఔన్సులు అనుకుందాం. మొత్తం 20 ఔన్సులు. అందులో ఎక్కువగా ఐపీఏలు ఉంటే సగటున 7 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అంటే 1.4 ఔన్సుల అసలు సరుకు. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే 0.6 ఔన్సులు, 5 శాతం ఉన్న 12 ఔన్సుల సీసా. కాబట్టి ఒక్క ఫ్లైట్ తాగితే రెండుంపావు సీసాలు దాటిపోయినట్టే. శనివారం నాలుగు చోట్ల నాలుగు ఫ్లైట్లు వేస్తే తొమ్మిది సీసాలు. గ్లాసు చిన్నదని మోసపోవద్దు.
ఒక ఫ్లైట్ ఇద్దరు పంచుకోండి. నేను ఎప్పుడూ అంతే. రుచి చూడ్డానికి రెండు గుటకలు చాలు.

పప్పన్నం
తొమ్మిది సీసాలు అని రాసి చూపిస్తే తోడల్లుడు గారు ఏమన్నారు?

ఎడిసన్_బాబాయ్
"ఇంకా ఘాటైన ఇంపీరియల్ స్టౌట్ అయితే ఎంతవుతుంది?" అని అడిగాడు.

రాచెస్టర్_అత్త
డ్రైవర్‌ని మాట్లాడుకోవచ్చు కదా నాయనా. మీ బండే నడిపిపెట్టే డ్రైవర్లు గంట లెక్కన ఆ చుట్టుపక్కల దొరుకుతారు, వైన్ టూర్ల కోసం ఆ వ్యాపారం బాగా నడుస్తుంది. ముందే బుక్ చేసుకోవాలి. ఊబర్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇథాకాలో అయితే వస్తుంది గానీ, సెనెకా తూర్పు ఒడ్డున హెక్టర్ పొలాల మధ్య నిలబడి యాప్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. కొన్ని చోట్ల సిగ్నలే ఉండదు. మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.
ఇంకోటి, సాయంత్రం ఆరు దాటాక జింకలు. అక్టోబర్, నవంబర్‌లలో రోడ్డు మీదికి గుంపులుగా వచ్చేస్తాయి. పోయినేడు మా ఆయన కారు బానెట్ పోయింది, ఆయన చుక్క ముట్టలేదు. ఒక జింక దాటిపోయిందని మళ్ళీ స్పీడు అందుకోకండి, వెనకాల ఇంకో రెండు ఉంటాయి.

సెనెకా_సుబ్బు
అత్తయ్య గారి మాటకి ఇంకోటి కలపాలి. పెన్ యాన్ వైపు మెన్నోనైట్ రైతులు ఎక్కువ, పాత పద్ధతులు వదలని క్రైస్తవ శాఖ, గుర్రబ్బండ్ల మీద తిరుగుతారు. ఎత్తుపల్లాల రోడ్డు కదా, మిట్ట ఎక్కగానే ఎదురుగా బండి ఉండొచ్చు. ఆదివారం పొద్దున ఇంకా ఎక్కువ. హారన్ కొట్టకండి, గుర్రం బెదురుతుంది.

చూపులే_చాలు
నేను వేరేగా చెప్తా. ఏడు బ్రూవరీలు తిరగడం ఎందుకు? అన్ని చోట్లా అదే ఐపీఏ, అదే పంపు హ్యాండిల్, అదే చెక్క బల్ల, గోడ మీద అదే నలుపు బోర్డు. మనవాళ్ళకి లిస్టు పూర్తిచేయడం ఒక జబ్బు. అసలు ఆ ప్రాంతం వైన్ ప్రాంతం, రీస్లింగ్ అనే తెల్ల వైన్‌కి పేరు. బీరు కోసం అక్కడిదాకా పోవడం తిరుపతి వెళ్ళి దర్శనం మానేసి కొండమీద షాపింగ్ చేసినట్టుంది.

నురగ_రాయుడు
తప్పు. అక్కడి బీరు వెనక కథ ఉంది. 19వ శతాబ్దంలో అమెరికాలో హాప్స్ ఎక్కువగా పండించింది న్యూయార్క్ రాష్ట్రమే. తర్వాత బూజు తెగులు, చీడలు వచ్చి పంట దెబ్బతింది. 1920లో మద్యనిషేధం వచ్చాక కొనేవాడే లేకుండా పోయాడు. ఇప్పుడు పంట దాదాపు అంతా పడమటి రాష్ట్రాల్లో ఉంది. మళ్ళీ ఇక్కడ తోటలు మొదలవడానికి 2012లో చేసిన ఫామ్ బ్రూవరీ చట్టం పెద్ద కారణం. ఆ లైసెన్సు ఉన్నవాళ్ళు రాష్ట్రంలో పండిన హాప్స్, గింజలు ఇంత శాతం వాడి తీరాలి. మొదట 20 శాతంతో మొదలై 2019లో 60 శాతం అయింది. ఆ బీరులో ఆ నేల రుచి ఉంటుంది. అన్ని చోట్లా ఒకేలా ఉంటుందంటే మీరు ఐపీఏ తప్ప ఇంకేం అడగలేదని అర్థం.

చూపులే_చాలు
నేల రుచి సరే, నాకు ప్రతిదీ చేదే.

నురగ_రాయుడు
అయితే సైసాన్ గానీ, పిల్స్‌నర్ గానీ అడగండి. తాగనివాళ్ళకీ, బీరు పడనివాళ్ళకీ ఆ లైసెన్సులోనే ఇంకో సౌకర్యం ఉంది. ఫామ్ బ్రూవరీలో న్యూయార్క్ వైన్, యాపిల్ సైడర్ కూడా గ్లాసులో పోయొచ్చు. వాగ్నర్ అయితే ద్రాక్షతోట, బ్రూవరీ ఒకే ఆవరణలో ఉన్నాయి. మీ రీస్లింగ్ మీకు, మా బీరు మాకు.

చూపులే_చాలు
అది ముందే చెప్పుంటే ఇంత వాదించేవాణ్ణి కాదు.

గోంగూర_గీత
పప్పన్నం బ్యాచ్‌కి ఒక ప్రశ్న. మేం ప్యూర్ వెజ్. బీరులో చేప ఏదో వేస్తారని విన్నాను, నిజమా?

నురగ_రాయుడు
ఐసింగ్లాస్. చేప గాలితిత్తి నుంచి తీసేది. బీరు తేటపడ్డానికి ఇంగ్లీషు పద్ధతి కాస్క్ ఏల్స్‌లో వాడే అలవాటు ఉంది. హేజీ ఐపీఏకి మబ్బుగా ఉండటమే అందం కాబట్టి దాన్ని తేటపరిచే పనే పెట్టుకోరు. కౌంటర్‌లో అడిగితే చెప్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. మిల్క్ స్టౌట్‌లో పాలచక్కెర ఉంటుంది, మీకు ఇబ్బంది లేదు, వీగన్ వాళ్ళకి ఉంది.

పప్పన్నం
నేను పేరుకే పప్పన్నం, చేపలు తింటాను. కానీ తిండి సంగతి చెప్తాను. చాలా బ్రూవరీల్లో ఉప్పు ప్రెట్జెల్, పిజ్జా, బయట ఫుడ్ ట్రక్ ఉంటే మీ అదృష్టం. పెద్దవాళ్ళుంటే పులిహోర కలిపి తీసుకెళ్ళండి. ఇథాకా వెళ్తే మూస్‌వుడ్ ఉంది, 1973 నుంచి నడుస్తున్న శాకాహార రెస్టారెంట్.

ఎడిసన్_బాబాయ్
అసలు పెద్ద టెన్షన్ అదే. అమ్మానాన్నకి ఇది బీరు ట్రిప్ అని ఇంకా చెప్పలేదు. "సరస్సులు, జలపాతాలు, కొన్ని ఫ్యాక్టరీలు" అన్నాను.

పప్పన్నం
కొన్ని ఫ్యాక్టరీలు 😂

రాచెస్టర్_అత్త
చెప్పెయ్యి నాయనా. వాళ్ళకి తెలియదనుకుంటున్నావా, ఆ ఎక్సెల్ షీట్ ప్రింటు తీసి డైనింగ్ టేబుల్ మీదే పెట్టుంటావు.
వాళ్ళ కోసం టాగనాక్ జలపాతం పెట్టుకో, కయూగా లేక్ పడమటి ఒడ్డున 89 రోడ్డు మీద. 215 అడుగులు, నయాగరా కంటే 33 అడుగులు ఎత్తు. పైన కారు ఆపి నాలుగడుగులు వేస్తే కనిపిస్తుంది. కింద నుంచి నడిచినా ముప్పావు మైలు, దారి చదునుగా ఉంటుంది. వాట్కిన్స్ గ్లెన్ గొప్పదే, పందొమ్మిది జలపాతాలు, కానీ 832 రాతి మెట్లు, తడిగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులుంటే కింది భాగం చూసి వెనక్కి రండి.

సెనెకా_సుబ్బు
రాత్రి సరస్సు వైపు నుంచి దూరంగా ఫిరంగి పేలినట్టు ఢాం అని వినపడితే కంగారు పడకండి. సెనెకా గన్స్ అంటారు, ఎప్పట్నుంచో వింటున్నారు. అడుగున గ్యాస్ బయటికి తన్నుకురావడమని ఒక మాట ఉంది. పన్నెండేళ్ళలో నేనొక్కసారీ వినలేదు.

ఎడిసన్_బాబాయ్
సరే, కొత్త ప్లాన్. శనివారం తూర్పు ఒడ్డు, రెండే బ్రూవరీలు. ఆదివారం పడమటి ఒడ్డున క్లైంబింగ్ బైన్స్ వాళ్ళ హాప్స్ తోట ఒక్కటే, తర్వాత ఇథాకా, టాగనాక్. ఆబర్న్, క్యూకా కట్. శనివారం డ్రైవింగ్ నాది, ఆదివారం తోడల్లుడిది. నడిపేవాడికి ఆ రోజు చుక్క లేదు. స్టీరింగ్ సీత గారి రూల్ మా ఆవిడకి చదివి వినిపించాను. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. "ఆ సీత గారెవరో నాకు నంబరు ఇప్పించు" అంది.

స్టీరింగ్_సీత
నంబరు ఇవ్వను, కానీ నా తరఫున ఒక మాట చెప్పండి: ఆవిణ్ణి ఒక పూట నడపమనండి. నడపాల్సి వచ్చి కాదు, ఎక్కడ ఆగాలో ఆవిడ చెప్పడానికి.

నురగ_రాయుడు
హాప్స్ తోటకి వెళ్తున్నారు గానీ ఒకటి తెలుసుకోండి. కోత ఆగస్టు చివర్లో మొదలై సెప్టెంబర్‌లో అయిపోతుంది. అక్టోబర్‌లో స్తంభాలు, తాళ్ళు తప్ప ఏమీ కనపడవు. దానికి బదులు పచ్చి హాప్స్‌తో కాచిన వెట్ హాప్ బీరు దొరికితే వదలకండి, ఏడాదికి ఒకసారే.

ఎడిసన్_బాబాయ్
తిరిగొచ్చాం. బతికే ఉన్నాం, మాట్లాడుకుంటూనే ఉన్నాం.
శనివారం పొద్దున ఐదింటికి బయల్దేరి బింగ్‌హాంటన్ మీదుగా తొమ్మిదిన్నరకి వాట్కిన్స్ గ్లెన్ చేరాం. నాన్న 832 మెట్లూ ఎక్కారు, నేను సగంలో కూర్చున్నాను. మధ్యాహ్నం గ్రిస్ట్ ఐరన్, వాగ్నర్. నాకు రెండు చోట్లా సోడానే. తోడల్లుడు ఒక్క ఫ్లైట్‌ని మరదలితో పంచుకున్నాడు. నిజం చెప్పాలంటే చూస్తూ కూర్చోవడం మొదటి పావుగంటే కష్టం. తర్వాత కింద నీళ్ళు, అవతలి ఒడ్డున ఎర్రబడిన చెట్లు, పిల్లలు గడ్డిలో దొర్లడం చూస్తూ బీరు సంగతి మర్చిపోయాను. స్టీరింగ్ సీత గారూ, మామిడిపండు చర్చ నేనూ విన్నాను, రెండుసార్లు.
ఆదివారం మా ఆవిడ "నేను నడుపుతా" అని తాళాలు తీసుకుంది. బ్రూవరీ కంటే ముందు రోడ్డు పక్కన ఒక మెన్నోనైట్ కుటుంబం పెట్టుకున్న గుమ్మడికాయల బల్ల దగ్గర ఆపింది. ఆదివారం కదా, మనిషి లేడు, డబ్బులు డబ్బాలో వేయాలి. తర్వాత ఒక వంపు దగ్గర ఊరికే, సరస్సు బాగుందని ఆపింది. మా ఎక్సెల్ షీట్‌లో ఆ రెండూ లేవు.
ఇక హాప్స్ తోట. రాయుడు గారు చెప్పినట్టే పద్ధెనిమిది అడుగుల స్తంభాలు, వేలాడే తాళ్ళు, కింద ఎండిన మోళ్ళు. పిల్లలు "ఇదేంటి" అన్నారు. నాన్న మాత్రం కదల్లేదు. ఆయన పాతికేళ్ళు తమలపాకు తోట చేశారు. స్తంభాల మధ్య దూరం అడుగులతో కొలిచారు. తోట చూపించే ఆయన్ని ప్రశ్నల మీద ప్రశ్నలు, నేను మధ్యలో అనువాదం. తీగ ఎటు చుట్టుకుంటుంది, ఆడ మొక్కలే ఎందుకు ఉంచుతారు, నీళ్ళు ఎన్ని రోజులకి, వేరు ఎన్నేళ్ళు బతుకుతుంది. ఆయన లోపలికి వెళ్ళి కోతలో మిగిలిన ఎండు హాప్స్ గుప్పెడు తెచ్చి నాన్న చేతిలో పోశాడు. నాన్న నలిపి వాసన చూసి, పసుపుపచ్చ పొడి వేలికి అంటించుకుని నాలిక మీద పెట్టుకున్నారు. మొహం చేదుగా పెట్టి, "దీనికోసమా మీరు ఇంత దూరం వచ్చింది?" అన్నారు. అమ్మ అప్పుడు చెప్పింది, వాళ్ళిద్దరికీ ఎక్సెల్ షీట్ మొదటి రోజు నుంచే తెలుసట.

రాచెస్టర్_అత్త
చెప్పానా!

సెనెకా_సుబ్బు
రాత్రి గన్స్ వినపడ్డాయా?

ఎడిసన్_బాబాయ్
రెండు గంటలప్పుడు ఒక చప్పుడైతే వినపడింది. తోడల్లుడి గురక.

నురగ_రాయుడు
వెట్ హాప్ దొరికిందా లేదా, అది చెప్పండి.

ఎడిసన్_బాబాయ్
దొరికింది, ఒక గ్రౌలర్ (బీరు పట్టించుకునే పెద్ద సీసా) నింపించుకుని సీలు వేయించి డిక్కీలో పెట్టుకొచ్చాం. 64 ఔన్సులు. సీలు తీస్తే ఒకట్రెండు రోజుల్లో అవగొట్టాలట కదా, శుక్రవారం తోడల్లుడు వచ్చాక తీద్దామని ఫ్రిజ్‌లో పెట్టాను. నిన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి సీలు లేదు. నాన్న సోఫాలో కూర్చుని "ఆకు చేదుగా ఉంది గానీ, కషాయం పర్లేదురా" అన్నారు.

పప్పన్నం
తోడల్లుడికి చెప్పారా?

ఎడిసన్_బాబాయ్
ఇంకా లేదు.